టైరు కొత్తదైతే వాల్వు కూడా కొత్తదే

అల్లుడా,

నిర్మల్ రోడ్డు మీద టైర్ల దుకాణం తెరిచినవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. కంప్రెషర్ ఎంతకు తెచ్చినవు, టైరు ఇప్పే మిషను కొత్తదా పాతదా, బోర్డు మీద మరాఠీలో కూడా రాయించినవా అని అడిగేటోళ్ళు నీకు చాలామంది ఉంటరు. నేను అడిగేది ఒక్కటే. నీ సొరుగులో వాల్వులు ఏమేం పెట్టుకున్నవు? నిజామాబాద్ నుంచో నాందేడ్ నుంచో ఒకే రకం రబ్బరు వాల్వులు సంచెడు తెచ్చుకొని, ‘ఇవి అన్నిటికీ పడ్తయి’ అని కూసున్నవంటే మాత్రం ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

టైర్ల పని నేర్పేటోళ్ళు పంచర్ వెయ్యటం నేర్పుతరు, బీడింగ్ దించటం నేర్పుతరు, బ్యాలెన్సింగ్ చెయ్యటం నేర్పుతరు. వాల్వు గురించి కూసోబెట్టి చెప్పేటోళ్ళు తక్కువ. చిటికెనవేలంత వస్తువు, ఖరీదు చూస్తే టైరులో వందో వంతు ఉండదు, అందుకే దాన్ని సామాను కింద ఎవరూ లెక్కవెయ్యరు. కానీ ట్యూబ్‌లెస్ చక్రంలో గాలిని పట్టి ఉంచేవి మూడే: టైరు, రిమ్ముకు బీడింగ్ ఆనే అంచు, వాల్వు. మేకు దిగిన టైరు చాలాసార్లు గంటలకొద్దీ గాలి పట్టుకొని ఉంటది, మనిషిని ఇల్లు చేరుస్తది. రబ్బరు వాల్వు మొదట్లో తెగిందంటే ఆ గడువు ఇయ్యదు. బరువు మీద ఉన్న బండి, వేగంలో ఉన్న బండి, చూస్తుండగనే ఒక పక్కకు గుంజుతది.

మన భైంసా కూడా అట్లా బరువు బండ్లు, వేగం బండ్లు తిరిగే చోటే. కళ్యాణ్ దిక్కు నుంచి నాందేడ్, భోకర్ మీదుగ వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి మన ఊరు తాకి నిర్మల్ పోతది. దసరా దాటిందంటే పత్తి మొదలు. కుబీర్, తానూర్, ముధోల్, లోకేశ్వరం నుంచి ట్రాక్టర్లు, పికప్ బండ్లు జిన్నింగు మిల్లుల ముందట వరుస కడ్తయి. ఇంకోదిక్కు బాసర పోయే కార్లు. వసంత పంచమి ముంగట పిల్లలను ఒళ్ళో కూసోబెట్టుకొని అక్షరాభ్యాసానికి పోయే కుటుంబాలు. వానకాలం చేన్ల నుంచి రోడ్డెక్కే చక్రాలకు నల్లరేగడి బురద. ఎండకాలం 45 డిగ్రీల దాకా పోయే ఎండ. నిర్మల్ దాటి ఆదిలాబాద్ దిక్కు మహబూబ్ ఘాట్ మలుపులు. రబ్బరును ముసలిదాన్ని చేసేవన్నీ మన దగ్గర్నే ఉన్నయి. అందుకే నీ దుకాణంలో వాల్వు మీద నజరు ఉండాలె అంటున్న.

గిరాకీ వచ్చి ఏమంటడు? ‘రెండు దినాలకోసారి గాలి దిగుతుంది, పంచర్ చూడు’ అంటడు. తుమ్మ ముల్లు దిగిందనో, మేకు దిగిందనో ఆయనే ముందు తీర్పు చెప్పేస్తడు. నువ్వు ఆ మాట పట్టుకొని చక్రం ఇప్పొద్దు. చక్రం బండికి ఉండగనే మూత తీసి వాల్వు లోపలి పిన్ను మీద ఒక చుక్క సబ్బు నీళ్ళు వెయ్యి. బుడగ లేస్తే తప్పు పిన్నుది. లేవకపోతే వాల్వు మొదలు చుట్టూ సబ్బు నీళ్ళు పోసి, వేలితో నాలుగు దిక్కులకూ మెల్లగ వంచి చూడు. నిటారుగ ఉన్నప్పుడు రాని బుడగలు వంచినప్పుడు వస్తయి. చక్రం జోరుగ తిరిగేటప్పుడు వాల్వు బయటిదిక్కుకు వాలుతది, అప్పుడు పగులు తెరుచుకుంటది. బండి ఆగినంక మూసుకుంటది. ఇంటి ముందర రాత్రంతా బాగనే ఉండి, నిర్మల్ పోయి వచ్చేసరికి గాలి తగ్గే బండ్లల్లో ఇది తప్పక చూడాలె. వంచినప్పుడు మొదట్లో సన్న గీతలు కనపడినా చాలు, బుడగ రానియ్యి రాకపోనియ్యి, ఆ వాల్వు దినాలు అయిపోయినయి.

తప్పు పిన్నుదే అయితే పని చిన్నది. అయినా రెండు జాగ్రత్తలు చెప్త, మరిచిపోవద్దు. ఒకటి, పిన్ను ఇప్పేముందు జాకీ పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపు. గాలి మొత్తం పోయిన ట్యూబ్‌లెస్ టైరు మీద బండి బరువు పడితే బీడింగ్ అంచు వదిలేస్తది, చిన్న పని పెద్దదైతది. రెండు, పిన్ను ఇప్పేటప్పుడు మొఖం దానికి ఎదురుగ పెట్టొద్దు. లోపల గాలి నిండుగ ఉన్నప్పుడు ఆఖరి చుట్టులో అది గుండు లెక్క ఎగురుతది. మొదలు నొక్కి గాలి దించు, తర్వాత ఇప్పు. కొత్త పిన్ను బిగించటానికి వేళ్ళ బలం చాలు. పానతో గింజుకొని తిప్పితే దాని చిన్న రబ్బరు నలిగి మల్ల కారుతది.

ఈ పిన్ను సంగతి ఒకటి నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగ ఉంటది. డన్‌లప్ గాలి టైరు చేసింది 1888లో. అమెరికాలో న్యూయార్క్‌లో ఉన్న ష్రేడర్ కుటుంబం ఇప్పుడు మనం వాడే స్ప్రింగు పిన్ను వాల్వుకు 1893లో పేటెంటు తీసుకున్నరు. నూట ముప్పై ఏండ్లు దాటినా ఆ మర మారలేదు. మోటరుసైకిలుకు అదే, కారుకు అదే, లారీకి అదే. మన పాత సైకిళ్ళకు మాత్రం సన్న రబ్బరు గొట్టం తొడిగే వేరే వాల్వు ఉండేది, ఇప్పటికీ పల్లెల్లో ఉంది. ఆ గొట్టం ముక్కలు కూడా ఒక డబ్బాలో పెట్టుకో. బడికి పోయే పిల్ల సైకిలు తోసుకుంటూ వస్తే ‘లేదు’ అనొద్దు.

ఇగ అసలు సంగతికి వస్త. వాల్వు ఎంచేటప్పుడు చూడాల్సినవి బెజ్జం, పొడుగు, గాలి ఒత్తిడి. వాల్వుల మీద ‘టీఆర్’ అని ఒక నంబరు ఉంటది. అమెరికాలోని టైర్ అండ్ రిమ్ అసోసియేషన్ పెట్టిన నంబర్లు అవి, ప్రపంచమంతా అవే నడుస్తయి. కార్ల రిమ్ములకు ఎక్కువగ ఉండేది 11.5 మిల్లీమీటర్ల బెజ్జం. దానికి పట్టే రబ్బరు వాల్వులే 412, 413, 414, 418. వీటి మధ్య తేడా పొడుగే. 412 పొట్టిది, సుమారు 33 మిల్లీమీటర్లు; 413 సుమారు 42; 414 ఇంకొంచెం పొడుగు; 418 అయితే 60 దాటుతది. 415 అని ఒకటి ఉంది, చూడటానికి 413 లెక్కనే ఉంటది కానీ మొదలు లావు, 16 మిల్లీమీటర్ల బెజ్జానికి చేసింది. ఈ రెండు ఒకే డబ్బాలో కలిపి పెట్టొద్దు. పెద్ద బెజ్జంలో చిన్న వాల్వు పెట్టినా ఆ పూటకు గాలి ఆగొచ్చు. ఆ భ్రమ తోనే మనిషి పిల్లలను ఎక్కించుకొని పోతడు. అనుమానం ఉంటే స్కేలు పెట్టి కొలు. కొలిచేందుకు సిగ్గు ఎందుకు?

పొడుగు విషయంలో చాలామంది తప్పు ఎంపిక చేస్తరు. గాలి కొట్టటానికి అందుబాటుగ ఉంటదని పొడుగుది పెడ్తరు. పొడుగు వాల్వు ఎక్కువ ఊగుతది, రాయి తగులుతది, కట్ట తగులుతది, మొదట్లో రబ్బరు తొందరగ అలుస్తది. చక్రానికి ప్లాస్టిక్ కవరు ఉంటే అది దాటి మూత పట్టేంత బయటికి రావాలె, అంతే. కవరు లేని ఇనుప రిమ్ముకు, అల్లాయ్‌కు పొట్టిది సరిపోతే పొట్టిదే పెట్టు. రబ్బరు వాల్వు కొసకు ఇత్తడి గొట్టం తగిలించి పొడుగు చేసేది కూడా ఉంది. ఆ బరువంతా మొదలు మీద పడ్తది. అట్లాంటిది నీ దుకాణంలో అమ్మొద్దు.

ఒత్తిడి విషయం మన ఊర్లో అన్నిటికంటే పెద్దది. మామూలుగ నొక్కి దింపే రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే. అది కూడా చక్రం చల్లగ ఉన్నప్పటి లెక్క. 30, 35 గాలి నడిచే కారుకు ఇది బ్రహ్మాండం. కానీ పత్తి బోరాలు, సోయా సంచులు, ఇటుకలు ఎత్తే పికప్ సంగతి వేరు. దాని వెనక చక్రాలకు కంపెనీ చెప్పిన గాలే ఎక్కువ ఉంటది, దాని మీద డ్రైవరు ‘లోడు ఉంది, ఇంకో పది కొట్టు’ అంటడు. పొద్దుగాల చల్లటి పూట 65 పెట్టిన చక్రం మధ్యాహ్నం రోడ్డు మీద ఎంతకు పోతదో లెక్క చూడు. మామూలు కారు టైరుకే ఐదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతది. ఒత్తిడి ఎక్కువున్న చోట పెరుగుడు కూడా ఎక్కువే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ము కాగి ఆ వేడి రిమ్ముకు, రిమ్ము నుంచి వాల్వు రబ్బరుకు పాకుతది. అట్లాంటి బండికి 413 పెట్టి పంపితే, అది ఆ పూట పని చేసినట్టే కనపడ్తది, నీ చేతికి పైసలు కూడా వస్తయి. పత్తి బోరాల మీద ఇద్దరు కూలోళ్ళు కూసొని పోతుంటరు. వాళ్ళ ఇండ్లు కుబీర్ దిక్కునో తానూర్ దిక్కునో ఉంటయి. నువ్వు వాళ్ళను చూసి వాల్వు ఎంచు.

పికప్‌లకు, వ్యాన్లకు 600 హెచ్‌పీ అనే రకం ఉంది. కారు బెజ్జానికే పడ్తది, ఇత్తడి కాండం, మొదట్లో రబ్బరు. చల్లటి చక్రంలో 100 పీఎస్ఐ దాకా తట్టుకుంటది. లేకపోతే నట్టుతో బిగించే లోహపు వాల్వు. లారీలకు ఎట్లాగూ లోహపుదే, అక్కడ గాలి 100 దాటి నడుస్తది. నట్టు వాల్వుకు కూడా అడుగున రబ్బరు వాషరు ఉంటదని మర్చిపోవద్దు. లోహం పాతబడదు గాని వాషరు గట్టిపడ్తది, టైరు మార్చిన ప్రతిసారి అది మార్చు. నట్టు అతిగ బిగిస్తే వాషరు చీలుతది, వదులైతే కారుతది; వాషరు సమంగ నొక్కుకున్నంక ఆపెయ్యి. ఏ బండికి ఎంత గాలో నీకు నోటికి వచ్చినా సరే, తలుపు పక్కన అతికించిన పట్టీ చూసినంకనే వాల్వు తీయి.

కొనేటప్పుడు పేరు, నంబరు లేని విడి సరుకు ఇంటికి తేవద్దు. ఇది చాదస్తం కాదు. 2006లో చైనాలో, షాంఘై దగ్గర తయారైన 413 రకం వాల్వులు అమెరికాకు పోయినయి. పెట్టినంక కొన్ని నెలలకే వాటి రబ్బరు బయట నుంచి పగుళ్ళు పట్టింది. గాలిలో ఉండే ఓజోనును తట్టుకునే గుణం ఆ రబ్బరులో సరిగ లేదు. 2008లో అక్కడి రోడ్డు భద్రత శాఖ విచారణ చేసింది, అమ్మిన కంపెనీ ఆ సరుకును వెనక్కి పిలిచింది. చూపుకు మంచి వాల్వుకు, ఆ వాల్వుకు తేడా ఏమీ లేదు. అంత పెద్ద దేశంలో, అన్ని పరీక్షలున్న చోట అది జరిగిందంటే, గల్లీలో సంచితో తూకం లెక్క అమ్మే సరుకును ఏం నమ్ముతం? వాల్వు మీద తయారీదారు గుర్తు, టీఆర్ నంబరు ఉండాలె. మళ్ళీ అడిగితే జవాబు చెప్పే దుకాణంలో కొను. ఒకేసారి రెండేండ్ల సరుకు కొనొద్దు. మూడు నెలలకు సరిపడ తెచ్చుకో, ముందు వచ్చింది ముందు వాడు. వాటిని అద్దాల అల్మారాలో ఎండకు పెట్టొద్దు. కంప్రెషర్ మోటరు పక్కన, వెల్డింగు మిషను పక్కన అసలే పెట్టొద్దు. మెరుపులు కొట్టే చోట అదే ఓజోను పుడ్తది. మూతున్న డబ్బాలో, నీడలో ఉంచు.

మార్చే తీరు నీకు కొంత తెలుసు. తెలిసినా విను. పాతదాన్ని కత్తితో కోసేటప్పుడు బ్లేడు రిమ్ముకు తగలనియ్యొద్దు. బెజ్జం అంచుకు పడ్డ గీత కొత్త వాల్వు రబ్బరును లోపల నుంచి కోస్తది. పాత ఇనుప రిమ్ములకు బెజ్జం చుట్టూ తుప్పు ఉంటది, సన్న ఎమిరీ కాయితంతో రుద్ది, గుడ్డతో తుడువు. కొత్త వాల్వుకు సబ్బు నీళ్ళే పెట్టు. ఇంజినాయిలు, గ్రీజు పెట్టే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది, దిగటానికి సులువుగ దిగుతది కానీ ఆ నూనె రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తది. లోపలి దిక్కు నుంచి పెట్టి, గుంజే చువ్వతో తిన్నగ గుంజు, పక్కకు వాల్చి గుంజితే మొదలు చీలుతది. గాడి బెజ్జంలో కూసున్నప్పుడు చేతికి తెలుస్తది. చుట్టూ తిప్పి చూసి, రబ్బరు అంచు అన్ని దిక్కుల సమంగ ఆనిందా అని చూసుకొని అప్పుడు టైరు ఎక్కించు. గాలి నింపినంక సబ్బు నీళ్ళతో మల్ల ఒకసారి, ఈసారి కూడా వంచి చూడు.

టైరు కొత్తది వేస్తున్నవంటే రబ్బరు వాల్వు కొత్తదే వెయ్యాలె. ‘ఇది బాగనే ఉంది కదా’ అని గిరాకీ అంటడు, నువ్వు కూడా అనుకుంటవు. పాత టైరు నాలుగేండ్లు నడిచిందంటే వాల్వు కూడా నాలుగేండ్ల ఎండ తిన్నది. కొత్త టైరు ఇంకో నాలుగేండ్లు నడుస్తది, అన్నేండ్లు ఆ వాల్వు ఆగదు. మధ్యలో తెగితే మల్ల బీడింగ్ దించి, మల్ల కూలి. ఈ లెక్క మెల్లగ చెప్తే వినని మనిషి ఉండడు. తీసిన పాత వాల్వు ఆయన చేతిలో పెట్టి వంచి చూపియ్యి.

రెండు చక్రాల బండ్లకు ఒక మాట. ట్యూబు ఉన్న బండి వస్తే వాల్వు నిటారుగ ఉందా, ఏటవాలుగ ఉందా చూడు. వాలిందంటే గాలి తక్కువతో నడిపిండ్రు. బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద జారి ట్యూబును ఈడ్చింది. అట్లనే వదిలేస్తే వాల్వు మొదట్లో ట్యూబు చీలుతది. అక్కడ చీలినదానికి పంచర్ ముక్క నిలవదు, ట్యూబు మార్చుడే. చీలకముందు చూసినవంటే గాలి మొత్తం దించి, టైరును వెనక్కి జరిపి, సరైన గాలి పెట్టు, ట్యూబు పైసలు ఆయనకు మిగుల్తయి.

ట్రాక్టరు పెద్ద చక్రాల వాల్వు వేరే, నీళ్ళు కూడా నింపొచ్చు. దుక్కి రోజుల్లో బరువు కోసం నీళ్ళు పోయించుకుంటరు. వాల్వును చక్రం పైకొసకు తెచ్చి ఆ మట్టం దాకా పోస్తే ముప్పావు వంతు నిండుతది, మిగిలింది గాలి. అట్లాంటి చక్రానికి గాలి చూసేటప్పుడు వాల్వు పైనే ఉండాలె, లేకపోతే నీ గేజిలోకి నీళ్ళు పోతయి.

మూత గురించి ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం గట్టిగనే చెప్త. రేగడి బురద వాల్వు నోట్లో ఎండి రాయి అయితది. తర్వాత ఎవరో పంపు పెట్టి గాలి కొట్టిండ్రంటే ఆ మట్టి పిన్ను కిందికి దిగి అది మూసుకోకుండ అడ్డం పడ్తది. మంచి మూత మట్టిని ఆపుతది, పిన్ను కొంచెం కారినా తోడు నిలుస్తది. ప్లాస్టిక్ మూతలు సంచెడు కొని ఉంచు, మూత లేకుండ వచ్చిన ప్రతి చక్రానికి పైసలు తీసుకోకుండ పెట్టు. మెరిసే లోహపు మూతలు వద్దు. అవి వాల్వుకు తుప్పుతో పట్టుకుపోతయి, ఇప్పబోతే వాల్వే తెగుతది.

బాసర దారిలో హైదరాబాద్ నుంచి వచ్చే కొత్త కార్లు ఇప్పుడు గాలి ఎంతుందో డ్రైవరు ముందటి తెర మీద చూపిస్తున్నయి. అట్లాంటి వాటిల్లో చాలావాటికి సెన్సారు రిమ్ము లోపల, వాల్వుకే తగిలించి ఉంటది. బీడింగ్ దించకముందే అడుగు. వాల్వు ఉన్న చోట మిషను పాదం పెట్టొద్దు, సెన్సారు పగిలితే దాని ఖరీదు టైరు ఖరీదును అందుకుంటది. దాని వాల్వు అల్యూమినియంది అయితే నికెల్ పూత పిన్నే వాడాలె. మామూలు ఇత్తడి పిన్ను పెడితే లోపలే పట్టుకుపోతది. ఇంకో సంగతి. ఈ సెన్సార్లు, పంచర్ సామాను ఉన్న మూడున్నర టన్నుల లోపు బండ్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నియమం మార్చింది. అంటే కొన్ని కార్లలో మారు చక్రం ఉండదు. పసిపిల్లతో, ముసలి తల్లితో పోయే ఆ కుటుంబానికి దారిలో నువ్వు వేసిన వాల్వు ఒక్కటే దిక్కు.

పని నేర్చుకోను వచ్చిన పిల్లగాడిని పెట్టుకున్నవట కదా. వాడికి పంచర్ వెయ్యటం కంటే ముందు సబ్బు నీళ్ళ పని నేర్పు. వచ్చిన ప్రతి బండికి, గాలి కోసమే వచ్చినా సరే, నాలుగు వాల్వులూ వంచి చూసి నీకు చెప్పమను. కొట్టొద్దు, తిట్టొద్దు. పగులు పట్టి చెప్పినప్పుడు మెచ్చుకో.

వచ్చే ఆదివారం సంతకు వస్తున్న. నా పాత ఇత్తడి గేజి తెస్త. నీ కంప్రెషర్ గేజిని, దాన్ని ఒకే చక్రానికి పొద్దుగాల్నే, బండ్లు కదలకముందే పెట్టి చూద్దాం. నీది ఎంత తేడా చూపిస్తే అంత సున్నంతో గోడ మీద రాసి పెడ్దాం. 415 రకం వాల్వులు పది, 600 హెచ్‌పీ ఇరవై తీసి పెట్టమని నిజామాబాద్ దుకాణానికి చెప్పిన, దారిలో తీసుకొని వస్త. నువ్వు ఈలోపల సొరుగు ఖాళీ చేసి డబ్బాల మీద నంబర్లు రాసి ఉంచు.

మీ అమ్మకు చెప్పు, అంబలి పోసి ఉంచమని.

నీ మామ